ముప్పై అయిదు సెంట్ల రోడ్డు

కాలిఫోర్నియాలోని మాంటెరీలో జాన్ రాబర్ట్స్ అని ఒక డాక్టరు ఉండేవాడు. 1894 ఏప్రిల్లో ఆయనకి ఒక కబురొచ్చింది. దక్షిణాన పాయింట్ సర్ లైట్‌హౌస్ దగ్గర ‘లాస్ ఏంజెలెస్’ అనే స్టీమరు రాళ్లకు కొట్టుకుంది, బతికి బయటపడ్డవాళ్లకు వైద్యం కావాలి, వెంటనే రమ్మని. రెండు చక్రాల గుర్రబ్బండి కట్టుకుని బయల్దేరాడు. దూరం సుమారు పాతిక మైళ్లు. చేరడానికి మూడున్నర గంటలు పట్టింది. ఆ రోజుల్లో, ఆ కొండదారిలో అది మహా వేగం కింద లెక్క.

ఈ లెక్క నా బుర్రలో ఎందుకు ఇరుక్కుపోయిందంటే, పాతిక మైళ్లంటే మారథాన్‌కి మైలు చిల్లర తక్కువ. మూడున్నర గంటలంటే, బాగా సాధన చేసిన మామూలు రన్నర్ ఇవాళ అదే తీరం మీద మారథాన్ పూర్తి చేసే టైము. నాది కాదులెండి. నాకు 5 గంటల 22 నిమిషాలు పట్టింది. గుర్రం గెలిచింది.

రాబర్ట్స్ అక్కడితో ఆగలేదు. మూడేళ్ల తర్వాత, 1897లో, మాంటెరీ నుంచి శాన్ లూయిస్ ఒబిస్పో దాకా 130 మైళ్ల తీరాన్ని కాలినడకన దాటాడు. అయిదు రోజుల్లో. భాగించి చూడండి, రోజుకి 26 మైళ్లు వస్తుంది. ఏథెన్స్‌లో మొట్టమొదటి ఒలింపిక్ మారథాన్ జరిగి అప్పటికి ఏడాదే అయింది. ఈయన ఎవరూ చూడకుండా, ఎవరూ చప్పట్లు కొట్టకుండా, వరసగా అయిదు రోజులు రోజుకో మారథాన్ నడిచాడన్నమాట. దారి పొడుగునా ఫొటోలు తీశాడు, రోడ్డు ఎటునుంచి ఎటు వెళ్లాలో గీసుకున్నాడు, 50,000 డాలర్లతో పని అయిపోతుందని అంచనా వేశాడు. ఇంత అందమైన చోటికి జనం వెళ్లగలగాలి, అందుకు రోడ్డు కావాలి. ఆయన మొదటి వాదన అంతే.

ఆ వాదనకి పైసా రాల్లేదు. అందం చూపించి ప్రభుత్వాన్ని డబ్బడిగితే ఏ దేశంలో మాత్రం ఇస్తారు? చివరికి ఎల్మర్ రిగ్డన్ అనే రాష్ట్ర సెనేటర్ ఆ ప్రతిపాదనని అందుకుని, దానికి వేరే బట్టలు తొడిగాడు. రేపు శత్రువు సముద్రం మీంచి వస్తే తీరాన్ని కాపాడుకోవడం ఎలా, సైన్యం ఏ దారిన వెళుతుంది అని అడిగాడు. ఈ ప్రశ్న పనిచేసింది. 1919లో రోడ్డు మంజూరైంది, 15 లక్షల డాలర్ల బాండు పెట్టారు. డాక్టరుగారి అంచనాకి ముప్పై రెట్లు. అదీ చాల్లేదు. రోడ్డు పూర్తయ్యేసరికి 1937 వచ్చింది. పద్దెనిమిదేళ్లు.

ఈ రోడ్డే ఇప్పటి హైవే 1. దీని మీదే ఏటా ఏప్రిల్ చివరి ఆదివారం బిగ్ సర్ మారథాన్ జరుగుతుంది. ప్రపంచంలో అందమైన మారథాన్ల జాబితా ఎవరు రాసినా పై వరసలో ఉండే పేరు. బే ఏరియాలో ఉండే మన తెలుగువాళ్ల రన్నింగ్ గ్రూపుల్లో కూడా, మొదటి మారథాన్ ఏదో ఒకటి అయ్యాక, “మరి బిగ్ సర్ ఎప్పుడు?” అనే ప్రశ్న తప్పదు. తిరపతి ఎప్పుడు వెళుతున్నావు అన్నట్టు అడుగుతారు. నేను 2023లో వెళ్లాను.

ఈ పరుగు పుట్టిన కథ కూడా చిన్నదే. బిల్ బర్లీ అనే మాంటెరీ జడ్జి ఈ రోడ్డు మీద కారులో వెళుతూ, కార్మెల్ చివర ‘బిగ్ సర్ 26 మైళ్లు’ అన్న బోర్డు చూశాడు. 26 మైళ్లంటే మారథానే కదా అనుకున్నాడు. 1986లో మొదటి పోటీ పెట్టాడు. రాబర్ట్స్ చూపించిన అందాన్ని నమ్ముకుని ఈ రోడ్డు మీద ఏదైనా జరగడానికి, ఆయన నడక తర్వాత దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. మధ్యలో 1966లో ఒకసారి, ప్రెసిడెంటు భార్య లేడీ బర్డ్ జాన్సన్ బిక్స్‌బీ వంతెన దగ్గరికి వచ్చి, దీన్ని రాష్ట్రపు ‘సీనిక్ హైవే’గా ప్రకటించింది. అంటే అందం సర్కారు కాగితం మీదకి కూడా ఎక్కింది. ముందు తుపాకీ పేరు చెప్పి రోడ్డు వేసుకున్నాం, తర్వాత తీరిగ్గా చుట్టూ చూసుకున్నాం.

పరిగెత్తేవాళ్లని తెల్లవారుజామున నాలుగింటికే బస్సుల్లో ఎక్కించి దక్షిణాన బిగ్ సర్‌కి తీసుకుపోతారు. చీకట్లో, మలుపు మలుపుకీ ఊగుతూ పోయే ఆ బస్సులో కూర్చుని, ఇంత దూరం ఇప్పుడు కాళ్లతో వెనక్కి రావాలా అనుకోని మనిషి ఉండడు. 6:45కి పరుగు మొదలు. మొదటి అయిదు మైళ్లూ రెడ్‌వుడ్ చెట్ల కింద, నీడలో. సముద్రం వాసన కూడా తగలదు. తర్వాత చెట్లు ఒక్కసారిగా అయిపోతాయి, పచ్చికబయళ్లు, ఆవులు, ఎదురుగాలి. ఎడమచేతి వైపు సముద్రంలోకి చొచ్చుకుపోయిన పెద్ద రాతిగుట్ట, దాని మీద పాయింట్ సర్ లైట్‌హౌస్. 1889 నుంచీ అక్కడే ఉంది. అంటే రాబర్ట్స్‌ని పిలిపించిన ఆ స్టీమరు పగిలింది దీపం ఉన్న చోటే.

పదో మైలు దగ్గర లిటిల్ సర్ అనే చిన్న నది వస్తుంది. నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేట, నీలం నీళ్లు, తెల్లటి నురగ. అందరూ ఫోన్లు తీసేది ఇక్కడే. నేను ఇంటి దగ్గర ఈ దారి గురించి చదువుకుంటున్నప్పుడు పెన్సిల్‌తో గుర్తుపెట్టుకున్న చోటు కూడా ఇదే. ఎందుకంటే లిటిల్ సర్ దగ్గర ఒక జైలు క్యాంపు ఉండేది.

రోడ్డుకి డబ్బు చాలక పని నడుస్తూ ఆగుతూ సాగింది. కొండ అంచున, ఊరూ వాడా లేని చోట నెలల తరబడి ఉండి పని చేయడానికి కూలీలు దొరకడం కష్టం. అప్పుడు శాన్ క్వెంటిన్ జైలు నుంచి ఖైదీలను దించారు. తీరం పొడుగునా మూడు చోట్ల క్యాంపులు: లిటిల్ సర్, కర్క్ క్రీక్, ఆండర్సన్ క్రీక్. వేల కిలోల డైనమైట్‌తో కొండలు పగలగొట్టారు. పగిలిన రాయిని సముద్రంలోకి తోశారు. ఆ పనికి ఖైదీకి ఇచ్చింది రోజుకి 35 సెంట్లు, దాంతోపాటు శిక్షలో కొంత తగ్గింపు. రోడ్డు మంజూరు చేయించిన రిగ్డన్ పేరు మీద ఇదే హైవే పక్కన ఒక మంచినీళ్ల ఫౌంటెన్ కట్టారు. నేను పరిగెత్తిన 26 మైళ్లలో ఖైదీల పేరు మోసేది ఏదీ నా కంట పడలేదు. మైలుకో చోట నీళ్లు పట్టుకుని నిలబడ్డ వాలంటీర్లు మాత్రం కనబడ్డారు.

నిజానికి ఈ నది ఒడ్డు కథ ఖైదీలతో మొదలైంది కాదు. ఎస్సెలెన్ జాతివాళ్లు వేల ఏళ్లుగా ఉన్న నేల ఇది. స్పానిష్ వాళ్లు 1770లో మాంటెరీకి వచ్చి మిషన్ పెట్టాక, మతమూ రోగాలూ వెట్టిచాకిరీ కలిసి వాళ్లను ఈ నేల మీంచి దాదాపు తుడిచిపెట్టేశాయి. 2020లో, ఇదే లిటిల్ సర్ నది వెంబడి 1,199 ఎకరాలు ఎస్సెలెన్ తెగకు తిరిగి దక్కింది. రెండున్నర శతాబ్దాల తర్వాత. నా పక్కన పరిగెడుతున్నావిడకి ఊపిరి తీసుకుంటూ ఈ సంగతి చెప్పాను. ఆవిడ ఒకసారి నది వైపు చూసి, “వాళ్లకి వ్యూ అదిరిపోతుంది” అంది. తప్పేమీ లేదు. మేమంతా అందుకే వచ్చాం.

నది దాటగానే హరికేన్ పాయింట్ ఎక్కుడు. రెండు మైళ్ల పాటు 500 అడుగులకు పైగా ఎక్కాలి. ఎక్కుడు మొదట్లో జపనీస్ టైకో డప్పులు వాయిస్తుంటారు. ఆ దెబ్బ చెవికంటే ముందు పొట్టలో తెలుస్తుంది. డప్పు చప్పుడు వెనకబడిపోయాక ఇక గాలి, మన రొప్పు, అంతే. నడిచాను. నడుస్తూ మా అమ్మ మాట గుర్తు తెచ్చుకున్నాను.

మాది భీమిలి వైపు. మా అమ్మమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని తీరం వెంబడి ఊళ్లు తిరిగి అమ్మేది. ఎండ ముదిరేలోపు సరుకు అమ్ముడుపోవాలి కాబట్టి అది నడకా కాదు, పరుగూ కాదు, రెంటికీ మధ్య ఒక చాలు. ఈ పోటీకి 200 డాలర్ల దాకా కట్టానని ఫోన్లో చెబితే, అమ్మ కాసేపు లెక్కేసుకుని అంది: “మాయమ్మ నడిస్తే డబ్బులొచ్చీవి. నువ్వు పరిగెడితే డబ్బులు పోతన్నాయేటే?”

నవ్వేశాను గానీ, ఆ ప్రశ్న మారథాన్ చరిత్ర మొత్తానికీ వర్తిస్తుంది. నాలాంటి వాళ్లని ‘అమెచ్యూర్’ అంటారు. తెలుగులో ఔత్సాహికులు. అమెచ్యూర్ అన్న మాట లాటిన్‌లో ‘ప్రేమించడం’ అన్న ధాతువు నుంచి వచ్చింది. డబ్బు కోసం కాక, ఇష్టం కొద్దీ ఆడేవాడు అని. వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ 1866లో లండన్‌లో అమెచ్యూర్ అథ్లెటిక్ క్లబ్ వాళ్లు ఈ మాటకి ఒక నిర్వచనం రాసుకున్నారు. పందెం డబ్బు కోసం పోటీ పడనివాడే అమెచ్యూర్ అన్నారు, సరే. దానితో పాటు మెకానిక్కులూ, చేతిపనివాళ్లూ, కూలీలూ అమెచ్యూర్లు కారని కూడా రాశారు. పోటీలో డబ్బు తీసుకోకపోయినా సరే. ఒంటి కష్టంతో బతికేవాడికి ఆట మీద ప్రేమ ఉన్నా అది లెక్కలోకి రాదు. 1880లో ఇంగ్లండులో కొత్త సంఘం ఏర్పడ్డాక ఆ కూలీల నిబంధన పోయింది. డబ్బు ముట్టుకోకూడదన్నది మాత్రం వందేళ్లు నడిచింది. ఇక్కడ చిత్రం చూడండి. 1896లో ఏథెన్స్ మారథాన్ గెలిచిన స్పిరిడాన్ లూయీ నీళ్లు మోసి బతికే మనిషి. ముప్పై ఏళ్ల ముందు లండన్ క్లబ్బు గేటు దగ్గరే ఆపేసేవాళ్లు.

హరికేన్ పాయింట్ మీంచి చూస్తే కింద బిక్స్‌బీ వంతెన కనిపిస్తుంది. కార్ల ప్రకటనల్లో, సినిమాల్లో, ఫోన్ వాల్‌పేపర్లలో అందరూ చూసిన వంతెనే. 714 అడుగుల పొడవు, లోయ మీంచి 260 అడుగుల ఎత్తులో ఒకే ఒక్క కమాను. పేరు చార్లెస్ బిక్స్‌బీది, ఈ లోయలో కలప వ్యాపారం చేసిన మనిషి. ఇది ఖైదీల పని కాదు, కాంట్రాక్టరు చేత కట్టించారు. 1931 ఆగస్టులో మొదలుపెట్టి 1932 అక్టోబరుకి పూర్తి చేశారు. తమాషా ఏంటంటే వంతెన తయారయ్యేసరికి దానికి దక్షిణాన రోడ్డు ఇంకా చివరిదాకా లేదు. అయిదేళ్లు ఆగాల్సి వచ్చింది.

ఆ 1932 వేసవిలోనే, ఇదే రాష్ట్రంలో, లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ జరిగాయి. అప్పటికే తొమ్మిది ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఫిన్లండ్ రన్నర్ పావో నుర్మి, మారథాన్‌తో ముగించాలని వచ్చాడు. పోటీల్లో ప్రయాణ ఖర్చుల పేరుతో తీసుకోవాల్సిన దానికంటే ఎక్కువ తీసుకున్నాడు, కాబట్టి అమెచ్యూర్ కాదు అని పరిగెత్తనివ్వలేదు. అర్జెంటీనాకి చెందిన హువాన్ కార్లోస్ సబాలా గెలిచాడు. ప్రపంచంలో గొప్ప రన్నర్‌ని డబ్బు ముట్టుకున్నాడని పక్కన కూర్చోబెట్టిన రాష్ట్రంలోనే, ఆ రోజుల్లోనే, శాన్ క్వెంటిన్ ఖైదీ రోజుకి 35 సెంట్లకి కొండ తవ్వుతున్నాడు. ఈ రెంటికీ సంబంధం ఉందని ఎవరూ అనుకుని ఉండరు. ఆ వంతెన మీద నిలబడితే మాత్రం నాకు రెండూ ఒకే ప్రశ్నకి రెండు జవాబుల్లా అనిపించాయి: ఒంటి కష్టానికి వెల కట్టేది ఎవరు? ఒకడికి ఎక్కువ ఇచ్చారని శిక్ష. ఇంకొకడికి ఎంత తక్కువ ఇచ్చినా శిక్షలో భాగమే.

బిక్స్‌బీ దగ్గరికి వస్తే సగం దూరం అయినట్టు, సరిగ్గా 13.1 మైళ్లు. వంతెన దాటగానే రోడ్డు పక్కన ఒక మనిషి సూటు వేసుకుని గ్రాండ్ పియానో వాయిస్తుంటాడు. గాలి ఎటు వీస్తే అటు పోతుంది సంగీతం. మనుషులు ఆగి ఏడుస్తారని విన్నప్పుడు నమ్మలేదు. చాలామంది ఏడుస్తున్నారు.

నా ముందు ఒక డెబ్బై ఏళ్లావిడ చొక్కా కొసతో కళ్లు తుడుచుకుంటూ వెళుతోంది. ఆవిడ టీనేజిలో ఉండగా ఈ దేశంలో ఆడవాళ్లకి మారథాన్ పరిగెత్తే హక్కే లేదు. 1966లో బాబీ గిబ్ బోస్టన్ మారథాన్‌కి దరఖాస్తు పెడితే, ఆడవాళ్ల శరీరం అంత దూరం తట్టుకోలేదని తిప్పి పంపారు. ఆవిడ పొదల్లో దాక్కుని, పోటీ మొదలయ్యాక గుంపులో కలిసి, పూర్తి చేసింది. మరుసటి ఏడాది కాథరిన్ స్విట్జర్ నంబరు తగిలించుకుని పరిగెడుతుంటే ఒక నిర్వాహకుడు రోడ్డు మీదే ఆవిడని పట్టుకుని లాగబోయాడు. బోస్టన్ ఆడవాళ్లను అధికారికంగా ఒప్పుకుంది 1972లో. ఒలింపిక్స్ 1984లో, మళ్లీ లాస్ ఏంజెలెస్‌లోనే, జోన్ బెనాయ్ గెలిచింది. దాని తర్వాత రెండేళ్లకి బిగ్ సర్ పోటీ మొదలైంది కాబట్టి, ఈ పోటీకి మనల్ని తోసిపుచ్చిన చరిత్ర లేదు. మా అమ్మమ్మ శరీరం మాత్రం తట్టుకోగలదా లేదా అని ఎవరినీ అడక్కుండానే, తట్టతో సహా, ఆ దూరాలన్నీ తిరిగేసింది.

రెండో సగం గురించి ఫొటోల్లో ఎవరూ చెప్పరు. రోడ్డు ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, వాన నీళ్లు పోవడానికి. ఆ వాలు మీద గంటల తరబడి పరిగెడితే ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అయినట్టుంటుంది. ఇరవయ్యో మైలు తర్వాత కార్మెల్ హైలాండ్స్‌లో చిన్న చిన్న ఎత్తుపల్లాలు మొదలవుతాయి. మామూలు రోజున కారులో వెళితే అవి ఎత్తులని కూడా తెలీదు. 23వ మైలు దగ్గర వాలంటీర్లు స్ట్రాబెర్రీలు పెడతారు. ఆ ఉదయం నేను తిన్న స్ట్రాబెర్రీ రుచి దేనితో పోల్చాలో తెలీక వదిలేస్తున్నాను.

ఇలా ఒక పక్కకి ఒరిగిన రోడ్డు మీద కుంటుతూ పోతుంటే, ఇది ఎంత కొత్తగా, ఎంత బలవంతంగా కొండకి అతికించిందో కాళ్లకే తెలుస్తుంది. కొండ దీన్ని ఎప్పుడూ పూర్తిగా ఒప్పుకోలేదు. 1983 వానలకి దక్షిణాన కొండచరియ విరిగిపడితే రోడ్డు ఏడాదికి పైగా మూసేశారు. ఆ మట్టి తీసే పనిలో బుల్డోజర్ నడిపే మనిషి ఒకాయన చనిపోయాడు. 1998లో ఎల్ నీనో వానలకి దాదాపు 40 చోట్ల దెబ్బతింది. 2011లో రాకీ క్రీక్ దగ్గర ఒక ముక్క జారిపోయింది. నేను పరిగెత్తిన మరుసటి ఏడాది, 2024 మార్చి 30న, మళ్లీ రాకీ క్రీక్ దగ్గరే రోడ్డు అంచు సముద్రంలోకి రాలింది. మారథాన్‌కి అప్పటికి నెల కూడా లేదు. దాంతో ఆ ఏడాది కార్మెల్ వైపు నుంచే కొంత దూరం వెళ్లి వెనక్కి తిరిగి వచ్చేలా పోటీ నడిపారు. బిక్స్‌బీ లేదు, పియానో దగ్గరికి దారి లేదు. ఆ వార్త చదివినప్పుడు, పేరు నమోదు చేసుకున్నవాళ్ల మీద జాలేసింది. ఆ తర్వాత, ఆ అంచున తాళ్లు కట్టుకుని మళ్లీ పనికి దిగే మనుషులు గుర్తొచ్చారు.

రాబర్ట్స్ తప్పేమీ అడగలేదని ఇప్పటికీ అనుకుంటాను. అందమైన చోటికి మామూలు మనుషులు వెళ్లగలగాలనడం గొప్ప కోరిక. అది తీరడానికి మాత్రం అందాన్ని ఎరగనట్టు నటించే ఒక సెనేటరూ, అందాన్ని చూసే తీరిక లేని ఖైదీలూ కావలసి వచ్చారు. ఇప్పుడు నేను ఏడాదికి ఒక రోజు కార్లు లేని రోడ్డు మీద, ఇష్టం కొద్దీ, ఫీజు కట్టి పరిగెడుతున్నాను. దీనికి సిగ్గుపడాలని నాకు అనిపించదు. పరుగంటే నాకు ప్రాణం, ఆ పూట నా జీవితంలో మంచి పూటల్లో ఒకటి. కానీ ‘అమెచ్యూర్’ అన్న మాటని ఇదివరకటంత అమాయకంగా వాడలేకపోతున్నాను. ఇష్టం కోసం చేసే ప్రతి పని కిందా, జీతం కోసమో, శిక్ష తగ్గడం కోసమో, పొద్దుటి చేపలు అమ్ముడుపోవడం కోసమో ఎవరో చేసిన పని ఉంటుంది. అమ్మకి ఈ జవాబు చెబితే, “అది నాకు తెలవదేటే” అంటుంది. ఆవిడకి తెలుసు. ఆవిడ ప్రశ్నలోనే ఉంది.

ఈ పోటీకి ఆరు గంటల గడువు. అంతకంటే ఆలస్యమైతే బస్సు ఎక్కించేస్తారు. నిర్వాహకులు కఠినులని కాదు, హైవే తెరవాలి. పక్క ఊళ్లలో ఉండేవాళ్లకి ఇది ఇంటికి పోయే దారి. నేను గీత దాటి, మెడలో వేసిన మట్టి పతకం పట్టుకుని, కార్మెల్ చివర గట్టు మీద కూలబడ్డాను. కాసేపటికి, ఆఖరి రన్నర్ల వెనకాలే, నారింజ రంగు చొక్కాల మనుషులు ట్రక్కు వెంట నడుస్తూ కోన్‌లు ఒక్కొక్కటే తీసి పైన పేర్చుకుంటూ వచ్చారు. ఆదివారం మధ్యాహ్నం, డ్యూటీలో. వాళ్లు దాటిపోయిన వెంటనే మొదటి కారు దక్షిణం వైపు వెళ్లింది.